ఎవరు ఎవరిని: ఇంగ్లాండ్ బడిలో లాటిన్ విభక్తులపై ఒక కేస్ స్టడీ

ఇంగ్లాండ్ తూర్పు ప్రాంతంలోని ఒక ప్రభుత్వ సెకండరీ బడిలో నేను లాటిన్ చెబుతాను. ఈ కేస్ స్టడీ అక్కడి తొమ్మిదో ఏడాది తరగతి గురించి. 13, 14 ఏళ్ల పిల్లలు, ముప్పైకి కాస్త తక్కువ మంది. ఏడో ఏడాది నుంచి వారానికి రెండు పీరియడ్ల చొప్పున లాటిన్ చదువుతున్నారు. రోమన్ ఇంట్లో ఏ గది ఎక్కడుంటుందో, స్నానశాలలో నేల కింద వేడి ఎలా పారేదో, క్రీ.శ. 79లో వెసూవియస్ బద్దలైనప్పుడు పాంపేయీ ఎలా పూడిపోయిందో అడిగితే చేతులన్నీ పైకి లేస్తాయి. చిన్న కథ ఇస్తే గబగబా చదివి సారాంశం చెబుతారు. కానీ అదే కథలోంచి ఒక్క వాక్యం తీసి, మాటల వరుస మార్చి బోర్డు మీద రాస్తే, ఎవరు ఎవరిని ఏం చేశారో చెప్పలేకపోయేవారు.

నేను పరీక్షగా ఇచ్చిన వాక్యం: సెర్వుమ్ దొమినుస్ వొకత్. యజమాని దాసుణ్ణి పిలుస్తున్నాడు అని అర్థం. తరగతిలో చాలామంది దాసుడే యజమానిని పిలుస్తున్నాడని రాశారు. 'సెర్వుమ్' చివర ఉన్న 'ఉమ్', తెలుగులో 'దాసుణ్ణి' చివర ఉన్న 'ణ్ణి' చేసే పనే చేస్తుంది. ఆ సంగతి వాళ్లకు ఏడో ఏడాదిలోనే చెప్పాం. ప్రథమా విభక్తి నుంచి పట్టిక మొత్తం అప్పజెప్పమంటే తడుముకోకుండా అప్పజెబుతారు కూడా. పట్టిక నోటికి వచ్చు, చదివేటప్పుడు మాత్రం అది గుర్తుకు రాదు. సమస్యంతా అక్కడే ఉంది.

తెలుగు చదువరులకు ఇక్కడి లాటిన్ చదువు నేపథ్యం కొంత చెప్పాలి. 1960లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయాలు ప్రవేశానికి లాటిన్ తప్పనిసరి అన్న నియమాన్ని ఎత్తివేశాయి. 1988 చట్టంతో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళికలో లాటిన్‌కు చోటు దక్కలేదు. బ్రిటిష్ కౌన్సిల్ సర్వే లెక్క ప్రకారం 11 నుంచి 14 ఏళ్ల పిల్లలకు లాటిన్ చెప్పే ప్రభుత్వ బడులు 2.7 శాతం, ప్రైవేటు బడులు 49 శాతం. ఈ తేడాను తగ్గించడానికి ప్రభుత్వం 2021లో 40 లక్షల పౌండ్ల పథకం ప్రకటించింది. 40 ప్రభుత్వ బడులు లక్ష్యంగా 2022లో మొదలైన ఆ పథకం 2025 ఫిబ్రవరిలో, విద్యాసంవత్సరం మధ్యలో ఆగిపోయింది. మా బడి ఆ పథకంలో లేదు. ప్రధానోపాధ్యాయురాలి పట్టుదల వల్ల మా దగ్గర లాటిన్ నిలిచింది. నేను హైదరాబాద్‌లో సంస్కృతం చదువుకుని ఇక్కడికి వచ్చి, లాటిన్‌ను ఇక్కడే నేర్చుకున్నాను. డబ్బున్న ఇళ్ల పిల్లలకు మాత్రమే అందే చదువుగా లాటిన్ మిగిలిపోవడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు.

ఊహ ఎందుకు గెలుస్తోంది

మొదట నాకు తోచిన కారణం ఇంగ్లీషే. ఇంగ్లీషులో నామవాచకాలకు ఇలాంటి ప్రత్యయాలు ఎప్పుడో రాలిపోయాయి. 'హి', 'హిమ్' వంటి సర్వనామాల్లో మాత్రమే ఆ జాడ మిగిలింది. ఆ భాషలో పెరిగిన పిల్ల క్రియకు ముందున్నది కర్త, తర్వాతది కర్మ అని అలవాటుగా అనుకుంటుంది. ఇది నిజమే కానీ, మూడో ఏడు లాటిన్ చదువుతున్న పిల్లల విషయంలో ఇదొక్కటే కారణం కాదని వాళ్ల పాత నోటు పుస్తకాలు తిరగేశాక అర్థమైంది.

ఇక్కడి బడుల్లో ఎక్కువగా వాడే పాఠ్యపుస్తకం కేంబ్రిడ్జ్ వారిది. 1970లో మొదటిసారి వచ్చింది. వ్యాకరణంతో కాకుండా కథతో మొదలవుతుంది. పాంపేయీలో నిజంగా జీవించిన లూకియుస్ కైకిలియుస్ యూకుందుస్ అనే వడ్డీ వ్యాపారి కుటుంబం చుట్టూ కథలు అల్లారు. ఆ పద్ధతి అంటే నాకు గౌరవం ఉంది. మొదటి రోజే పిల్లలు లాటిన్ వాక్యం చదివి అర్థం చేసుకుంటారు, భయం పోతుంది. చిక్కు ఎక్కడంటే, కథలో ఊహ దాదాపు ఎప్పుడూ గెలుస్తుంది. వంటవాడు, కుక్క, బల్ల మీద మాంసం ఉన్న కథలో ఎవరు ఎవరి మీద అరిచారో తెలుసుకోవడానికి విభక్తి ప్రత్యయం చూడాల్సిన పనేముంది? ఇంగితజ్ఞానం చాలు. ప్రత్యయం చూడని పిల్లవాడికి కూడా పదింట తొమ్మిది మార్కులు వస్తాయి. అలా రెండేళ్లు గడిచేసరికి ప్రత్యయం చూడకపోవడమే అలవాటవుతుంది.

అంటే పిల్లలు ఊహించడం తప్పు కాదు, మేమిచ్చిన పాఠ్యం ఊహకు బహుమతులిస్తోంది. కాబట్టి ఇంగితం దారి తప్పించే చోట, ప్రత్యయం మాత్రమే నిజం చెప్పే పాఠ్యం కావాలి. కృత్రిమంగా తయారుచేసిన వాక్యాలు ఉన్నాయి. కుక్కను మనిషి కరిచాడు అనే రకం. అవి ఒక పీరియడ్ నవ్వులకు పనికొస్తాయి, ఆ తర్వాత పిల్లలకు వాటి మీద ఆసక్తి ఉండదు. నిజమైన మనుషులు, నిజమైన అవసరం కోసం రాసుకున్న లాటిన్‌లో అలాంటి వాక్యాలు దొరుకుతాయా అని వెతికాను. బ్రిటన్ నేలలోనే దొరికాయి.

శాపాల రేకులు

బాత్ నగరంలో సహజంగా వేడినీళ్లు ఉబికే ఊట ఉంది. రోమన్ల కాలంలో అక్కడ సూలిస్ మినెర్వా గుడి ఉండేది. సూలిస్ స్థానిక దేవత, మినెర్వా రోమన్ దేవత, ఇద్దరినీ ఒకరిగా కొలిచారు. 1979, 1980ల్లో ఆ ఊటను తవ్వినప్పుడు సీసం, తగరం కలిసిన పలుచటి రేకులు బయటపడ్డాయి. మొత్తం సుమారు 130. చాలావాటిలో విషయం ఒక్కటే: నా వస్తువు ఎవరో దొంగిలించారు, తల్లీ, వాళ్ల పని పట్టు. రేకు మీద గీసి, చుట్టగా చుట్టి నీళ్లలో వేసేవారు.

సోలినుస్ అనే ఆయన స్నానపు దుస్తులు, పైవస్త్రం పోగొట్టుకున్నాడు. ఆయన రేకు 'దెయై సూలి మినెర్వై సోలినుస్' అని మొదలవుతుంది. సూలిస్ మినెర్వా దేవికి సోలినుస్ రాస్తున్నాడు. మొదటి మూడు మాటలూ చతుర్థిలో, నాలుగోది ప్రథమలో ఉన్నాయి. వరుసను నమ్మిన పిల్లలు సోలినుస్‌కు దేవి ఉత్తరం రాసిందన్నారు! ఆ తర్వాత ఆయన కోరుకున్నది ఇది: తనకు అన్యాయం చేసినవాడు మగవాడైనా ఆడదైనా, బానిసైనా స్వతంత్రుడైనా, వాడికి నిద్ర ఉండకూడదు, ఆరోగ్యం ఉండకూడదు, బయటపడి ఆ బట్టలు గుడికి తెచ్చి ఇచ్చేదాకా.

ఇక దొకిమేదిస్ రేకు. ఆయన పోగొట్టుకున్నది చేతి తొడుగుల జత. 'దొకిమేదిస్ పెర్దిదిత్' అంటే దొకిమేదిస్ పోగొట్టుకున్నాడు. కొన్ని మాటల తర్వాత అదే క్రియ మళ్లీ వస్తుంది: 'మెంతేస్ సువాస్ పెర్దత్'. తన మతి పోగొట్టుకోవాలి అని. ఎవరు? క్రియ పక్కన పేరు లేదు. తరగతిలో సగం మంది పాపం దొకిమేదిస్‌కే మతి పోగొట్టారు. 'వాటిని ఎత్తుకుపోయినవాడు' అన్న ఉపవాక్యాన్ని, 'పెర్దిదిత్', 'పెర్దత్' అన్న రెండు రూపాల తేడాను చూస్తే తప్ప శాపం ఎవరి మీద పడుతుందో తేలదు. మొదటిది జరిగిపోయిన సంగతి, రెండోది జరగాలని కోరుకునేది. ఈ రెండో రూపాన్ని మా పాఠ్యక్రమంలో ఇంకా చాలా తర్వాత చెబుతాం. ముందే చెప్పడం వల్ల నష్టమేమీ కనబడలేదు. అవసరం ఎదురుగా ఉంది కాబట్టి వెంటనే అందుకున్నారు.

అదే రేకులో ఒక విశేషం ఉంది. తొడుగులు అన్న మాట నపుంసకలింగం. దాన్ని ఉద్దేశించి వాడిన సర్వనామం 'ఇల్లాస్' మాత్రం స్త్రీలింగం. ఇది తప్పని పట్టుకున్నది నేను కాదు, వెనక వరుసలో కూర్చునే ఒక అబ్బాయి. రోమన్ కాలం మనిషి లాటిన్ తప్పు రాయడం, దాన్ని తాను కనిపెట్టడం వాడికి ఎంత గర్వమో చెప్పలేను. ఆ రోజు నుంచి వాడు ప్రతి మాట చివరా చూడడం మొదలుపెట్టాడు, తప్పులు దొరుకుతాయేమో అని. కారణం ఏదైతేనేం, చూశాడు.

చదివాక రాయించాను. చేతిపనుల పాఠానికి వాడే పలుచటి లోహపు రేకు ముక్కలు, మొద్దుబారిన పెన్సిళ్లు ఇచ్చి ఎవరి శాపం వాళ్లను రాసుకోమన్నాను. నియమం ఒక్కటే. పక్కవాళ్లు దాన్ని రాసింది రాసినట్టుగా అనువదించాలి, ఉద్దేశం ఇదై ఉంటుందని సర్దకూడదు. దేవి దొంగను శిక్షించాలి అనాలంటే 'దెయ ఫూరెమ్ పూనియత్'. ఒకమ్మాయి 'దెయమ్ ఫూర్ పూనియత్' అని రాసింది. దొంగ దేవిని శిక్షించాలి అని! పక్కనున్న పిల్ల గట్టిగా చదివేసరికి తరగతి గొల్లుమంది. రాసిన అమ్మాయి రేకు తిరిగి లాక్కుని, ఒక్క అక్షరం చెరిపి ఇంకో మాటకు రెండు అక్షరాలు తగిలించి ఇచ్చింది. అంతకుముందు ఎన్ని అభ్యాసాలు దిద్ది ఇచ్చినా మార్కు చూసుకుని పక్కన పెట్టేసిన పిల్ల ఆమె.

ఇంటి భాషలు

ఈ తరగతిలో పోలిష్ మాట్లాడే ఇంటి నుంచి వచ్చిన అమ్మాయి ఒకరు ఉన్నారు. ఇంగ్లీషు రాతలో వెనకబడిందని ఆమెకు అదనపు తరగతులు పెట్టారు. లాటిన్‌లోనూ మార్కులు అంతంతమాత్రమే. శాపాల పాఠం మొదలైన రెండో వారంలో ఆమె చేయెత్తి, "మిస్, దీనికి వీళ్లందరూ ఎందుకు ఇంత కష్టపడుతున్నారు? మా ఇంట్లో అమ్మ నన్ను పిలిస్తే నా పేరు ఒక రకంగా ఉంటుంది, నన్ను కొట్టిందని చెబితే ఇంకో రకంగా ఉంటుంది" అంది. పోలిష్‌లో ఏడు విభక్తులు ఉన్నాయి, మనుషుల పేర్లూ వాటికి తగ్గట్టు మారతాయి. మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగితే, ఎవరూ అడగలేదు అంది. ఆమెకు లాటిన్‌ను ఇంగ్లీషు మీదుగా మాత్రమే చేరుకోవాలని మేమే నేర్పాం. ఆ రోజు బోర్డు దగ్గరకు పిలిచి, తన పేరు ఏడు రూపాలూ రాయమన్నాను. ఆ తర్వాత ఆమె బల్ల దగ్గరకు ఇంగ్లీషు పిల్లలే సందేహాలు తెచ్చుకున్నారు. ఈ కేసులో నేను అన్నిటికంటే విలువైనదిగా లెక్కించే ఫలితం అదే.

తెలుగింటి అబ్బాయి ఒకడు ఉన్నాడు. తల్లిదండ్రుల సమావేశంలో వాళ్లమ్మ, "మావాడు తెలుగు మాట్లాడడు టీచర్ గారూ, మేం మాట్లాడితే వింటాడు, అంతే" అన్నారు. విభక్తులు అంటే ఏమిటో వాడికి తెలియదు. ఒకరోజు పీరియడ్ అయ్యాక వాడితో "రావణుణ్ణి రాముడు చంపాడు" అన్నాను. చనిపోయిందెవరు? రావణుడు అన్నాడు. "రాముణ్ణి రావణుడు చంపాడు" అన్నాను. "కథ అది కాదు కదా, మిస్!" అన్నాడు వెంటనే. కథ తెలిసినా, వాక్యం కథకు ఎదురు తిరిగిందని వాడి చెవి పసిగట్టింది. మాటల వరుసను బట్టి కాదు, 'ణ్ణి'ని బట్టి. లాటిన్‌లో కూడా వినాల్సింది దాన్నేనని చెబితే వాడికి ఇంకో వివరణ అవసరం లేకపోయింది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. లాటిన్, సంస్కృతం ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని 1786లో కలకత్తాలో విలియం జోన్స్ ప్రకటించాడు. పోలిష్ కూడా ఆ కుటుంబానిదే. తెలుగు ఆ కుటుంబానిది కాదు. దక్షిణాది భాషలు వేరే కుటుంబమని ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ 1816లో ఒక తెలుగు వ్యాకరణ గ్రంథానికి రాసిన పీఠికలోనే చూపించాడు. తెలుగువాడి చెవి లాటిన్‌కు సాయపడుతుందంటే అది చుట్టరికం వల్ల కాదు, రెండు భాషలూ కర్తకర్మలను వరుసతో కాకుండా మాట చివర చూపించడం వల్ల. ఇక్కడి తెలుగు సంఘాల సభల్లో ఈ రెండింటినీ కలిపి మాట్లాడడం తరచూ వింటుంటాను. పిల్లలకు మాత్రం సరైన కారణమే చెప్పాలి.

ఫొర్తూనాత

రోమన్ సంస్కృతి పాఠాల్లో బానిసత్వం నాకు ఎప్పుడూ ఇబ్బంది కలిగించే విషయం. పాఠ్యపుస్తకాల కథల్లో బానిసలు చలాకీగా, యజమానితో సరదాగా ఉండేవారు. ఈ మధ్య సంచికల్లో సరిదిద్దుతున్నారు, ఇంకా చేయాల్సింది ఉంది. నా తరగతిలో కరీబియన్ మూలాలున్న పిల్లలున్నారు. వాళ్ల ముందు ఆ బొమ్మను అలాగే పెట్టడం నాకు చేతకాదు.

1990ల్లో లండన్ నడిబొడ్డున, పౌల్ట్రీ వీధి తవ్వకాల్లో ఒక చెక్కపలక దొరికింది. దాని మీద మైనం పోయింది, కలం ములికి చెక్క మీద గీసిన గీతలు మిగిలాయి. అది ఒక అమ్మాయిని అమ్మిన దస్తావేజు. కాలం క్రీ.శ. మొదటి శతాబ్దం చివర లేదా రెండో శతాబ్దం మొదలు. కొన్ని మాటలు తగ్గించి తరగతికి ఇచ్చిన వాక్యం: 'వెగెతుస్ మొంతానీ సెర్వీ వికారియుస్ ఎమిత్ పువెల్లమ్ ఫొర్తూనాతమ్'. ఎమిత్ అంటే కొన్నాడు.

ఎవరు కొన్నారు అని అడిగాను. మొంతానుస్ అన్నారు ఎక్కువమంది, ఎవరో ఒక పెద్దమనిషే కొంటాడు కదా అని. అప్పుడు ఎవరికి వాళ్లు మాటల చివరలు చూడడం మొదలుపెట్టారు. వెగెతుస్ ప్రథమలో ఉన్నాడు, కొన్నది అతడే. 'వికారియుస్' కూడా ప్రథమలోనే ఉంది, అదీ వెగెతుస్ గురించే. వికారియుస్ అంటే ఒక బానిస కింద ఉండే బానిస. 'మొంతానీ', 'సెర్వీ' రెండూ షష్ఠిలో, 'బానిస అయిన మొంతానుస్ యొక్క' అన్న అర్థంలో ఉన్నాయి. అంటే మొంతానుస్ కూడా బానిసే. పూర్తి పాఠంలో అతడు చక్రవర్తి బానిస అని ఉంది. చక్రవర్తికి బానిస మొంతానుస్, అతడికి బానిస వెగెతుస్, అతడు కొన్నది ఫొర్తూనాతను. ద్వితీయా విభక్తిలో ఉన్నది ఆమె ఒక్కతే.

తరగతి నిశ్శబ్దమైపోయింది. బానిసకు బానిస ఉండడమేమిటని ఒకరు, అతడికి డబ్బెక్కడిదని ఒకరు అడిగారు. వెల 600 దెనారియులు, అంటే రోమన్ వెండి నాణేలు. ఆనాటి రోమన్ సైన్యపు లెజియన్ దళాల్లోని సైనికుడికి ఏడాదికి 225, చక్రవర్తి దొమితియానుస్ పెంచాక 300 వచ్చేవి. అంటే సైనికుడికి రెండేళ్ల జీతానికి తగ్గదు. ఫొర్తూనాత ఉత్తర గాల్‌లోని దియాబ్లింతేస్ తెగ పిల్ల, అంటే ఇప్పటి ఫ్రాన్స్ నుంచి వచ్చింది. దస్తావేజులో 'ఫొర్తూనాత, లేక ఆమెకు ఉన్న మరే పేరైనా' అని ఉంది. పిల్ల ఆరోగ్యంగా ఉందని, పారిపోయే రకం కాదని హామీ కూడా ఉంది. "ఆమె అసలు పేరు కొన్నవాడికి అక్కర్లేదు" అని జమైకా మూలాలున్న ఒక అమ్మాయి తన నోటు పుస్తకంలో రాసుకుంది.

బానిసత్వం గురించి నేను విడిగా ఉపన్యాసం ఇవ్వలేదు. వ్యాకరణమే దాన్ని బయటపెట్టింది. వ్యాకరణం ఒక గంట, సంస్కృతి ఒక గంట అని విడగొట్టి, రెండోదాన్ని మొదటిదానికి తాయిలంగా ఇచ్చే పద్ధతిని ఇక్కడ చాలా బడుల్లో చూశాను. ఆ విభజనే మా పిల్లలను దెబ్బతీసిందని నేను నమ్ముతున్నాను. ప్రత్యయం చూడకుండా సంస్కృతి పాఠం వినవచ్చు, సంస్కృతి లేకుండా ప్రత్యయాల పట్టిక అప్పజెప్పవచ్చు. ఫొర్తూనాత పలక ముందు ఈ రెండూ కుదరవు.

ఫలితాలు, మిగిలిన లోపాలు

టర్మ్ చివర ముందెప్పుడూ చూడని కథ ఒకటి ఇచ్చాను. ఊహతో చదివితే తప్పు వచ్చేలా అందులో వాక్యాలు కొన్ని పెట్టాను. కర్తను, కర్మను తారుమారు చేయడం బాగా తగ్గింది. చతుర్థి కూడా కుదురుకుంది. షష్ఠిలో తప్పులు మిగిలాయి, కానీ ఎక్కడ తడబడ్డారో వాళ్లే గుర్తించి పక్కన ప్రశ్నార్థకం పెట్టారు. పదసంపద మాత్రం ఏమీ మెరుగుపడలేదు. పదహారేళ్ల వయసులో రాసే జీసీఎస్ఈ పరీక్షలో భాషా పత్రానికి 400కు పైగా మాటలు వచ్చి ఉండాలి. శాపాల్లో కనిపించే మాటలు ఆ జాబితాలో చాలావరకు లేవు, కాబట్టి ఈ పాఠాలు ఆ పని చేయవు. దానికి రోజూ పది నిమిషాలు మాటలు వల్లెవేయడం తప్పదు. నలుగురైదుగురు పిల్లలకు శాపాల మీద ఉన్న సరదా చదవడం దాకా రాలేదు. వాళ్ల రేకుల మీద తిట్లు ఉన్నాయి, విభక్తులు లేవు.

ఇంత కష్టమైన అసలు పాఠ్యాన్ని ఈ వయసు పిల్లలకు ఇవ్వకూడదని వాదించే ఉపాధ్యాయులున్నారు. వాళ్ల మాటలో పస ఉంది. లిపి అయితే అసలు చదవలేరు. ఆ కాలపు గొలుసుకట్టు రాతలో 'ఎ' శబ్దపు అక్షరం రెండు నిలువు గీతల్లా ఉంటుంది. ఫొటో చూపించి, అచ్చులో రాసిన పాఠం చేతికివ్వాలి. మాటలు తగ్గించవచ్చు, కానీ ప్రత్యయాలను సులభం చేయకూడదు. బ్రిటన్‌లో దొరికిన రోమన్ శాసనాలు, పలకలు, రేకుల పాఠాలు చాలావరకు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఎవరైనా ఈ పాఠాన్ని తమ బడిలో చేయాలనుకుంటే ఫొర్తూనాత పలకను శాపాల తర్వాతే ఇవ్వమంటాను. షష్ఠి, ప్రథమ కలిసి వచ్చే ఆ వరుసను విడదీయాలంటే ముందు చేయి తిరిగి ఉండాలి.

ఇప్పుడు నా ముందున్న చిక్కు లాటిన్‌లోని అబ్లాటివ్ అనే విభక్తి. తెలుగులో 'లో', 'తో', 'వల్ల', 'నుంచి' విడివిడిగా చేసే పనులను ఆ ఒక్క రూపమే మోస్తుంది. తెలుగింటి అబ్బాయి చెవి గానీ, పోలిష్ అమ్మాయి చెవి గానీ ఇక్కడ సాయపడడం లేదు. ఉత్తర ఇంగ్లాండ్‌లో రోమన్లు కట్టిన హేడ్రియన్ గోడ దగ్గర విందొలాంద కోటలో 1973 నుంచి దొరుకుతున్న చెక్కపలకల మీది ఉత్తరాల్లో దీనికి తగిన వాక్యాలు ఏరుతున్నాను. సేనాని భార్య సుల్పికియ లెపిదీనను తన పుట్టినరోజుకు రమ్మని స్నేహితురాలు క్లౌదియ సెవేర సుమారు క్రీ.శ. 100లో రాసిన ఆహ్వానం వాటిలో ఒకటి. ఎవరు ఎవరిని పిలిచారన్నది ఇప్పుడు వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. నీ రాకతో ఆ రోజు నాకు ఇంకా ఆనందంగా ఉంటుంది అన్న చోట అబ్లాటివ్ ఎదురవుతుంది. వచ్చే టర్మ్ పాఠం అక్కడి నుంచే మొదలుపెడతాను.